సరుకు చూసే నోరు

బరువు మిషను దిగిన నాగేశ్వర్ చెప్పులు తొడుక్కోలేదు. జేబులోంచి తాళాల గుత్తి, ఫోను తీసి భార్య చేతిలో పెట్టి మళ్ళీ ఎక్కాడు. అంకె కదల్లేదు. కళ్ళజోడు కూడా తీసి ఇచ్చి మూడోసారి ఎక్కాడు. ఈసారి అంకె ఆయనకు కనిపించనే లేదు.

"మీ మిషన్ల ఏదో తేడా ఉంది మేడం," అన్నాడు. సంగారెడ్డి గంజ్‌లో ఆయన పల్లీలు, బెల్లం కొనే కొట్టు ముందు, బస్తా కాంటా ఎక్కినప్పుడల్లా రైతులు అనే మాటే అది. అది ఇప్పుడు తన నోట వచ్చిందని ఆయన గమనించలేదు గాని, పక్కన నిలబడ్డ విజయకుమారి గమనించింది. నవ్వొచ్చింది. నవ్వితే ఊరుకోడని నోరు మూసుకుంది.

పటాన్‌చెరు హైవే పక్కన ఉన్న ఆ ఆసుపత్రిలోనే ఎనిమిదేళ్ళ కింద ఆయన పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ జరిగింది. డైటీషియన్ నిహారిక వాళ్ళమ్మాయి ఈడు పిల్ల. రిపోర్టు తిరగేసి, పెన్ను మూత పెట్టి మాట్లాడింది.

"మిషన్ మంచిగనే ఉంది అంకుల్. పోయినసారి కంటె పెరిగిండ్రు. అంతకు ముందు గూడ పెరిగిండ్రు. ఆపరేషన్ తర్వాత పోయిన షుగర్ మళ్ళొచ్చింది. ఇట్లనే పెరుగుకుంట పోతే డాక్టర్ ఇన్సులిన్ రాస్తరు."

"నేను తినేదే ఇంత." నాగేశ్వర్ అరచెయ్యి దొప్పలా చేసి చూపించాడు. "పిట్ట గూడ నాకంటె ఎక్కువ తింటది."

"నేను కాదంటలే అంకుల్. కానీ అంత బరువు తగ్గినంక శరీరం పొదుపు నేర్చుకుంటది. మీ ఎత్తు, మీ బరువే ఉండి ఆపరేషన్ కాని మనిషికి కావలసినంత తిండి మీకు అవసరం పడదు. బరువు పెరగకుండ నిలవాల్నంటే మీకు రోజుకు పధ్నాలుగు వందల కేలరీల దగ్గర సరిపోతుండొచ్చు. అది గూడ అందాజనే, ఒక్కొక్కరికి ఒక్కోతీరు ఉంటది. మొదటి ఏడాది మీరు తిందామన్నా పట్టకపోతుండె. ఇప్పుడు కొంచెం కొంచెంగ ఎంతైనా పడ్తది. అందుకే నోట్లోకి పోయేదంతా లెక్కల రావాలె." తర్వాత మామూలుగానే అడిగింది. "ఇంట్ల వంట ఎవరు చేస్తరు?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. దాని వెనకాల తిరిగిన తలలోనే ఉంది తప్పంతా. నాగేశ్వర్ భార్య వైపు తిరిగి, "ఇగో, ఈమెనే," అన్నాడు. "ఏం పోస్తదో, ఎంత పోస్తదో ఆమెకే తెల్వాలె. మొదటి సంది నూనె చెయ్యి."

విజయకుమారికి చెవులు కాలిపోయాయి. అన్నం తూచి, పప్పు తూచి, నూనెను చెంచాతో కొలిచి, చెంచా అంచున నిలిచిన బొట్టును కూడా మళ్ళీ సీసాలోకి విదిలించే మనిషి. ఎనిమిదేళ్ళుగా చేసిన పని ఒక్క మాటతో కొట్టుకుపోయింది. మొగుళ్ళకు భార్య చేతి రుచి గుర్తుండదు గాని, ఆ చేతికి పేరు పెట్టడానికి నిమిషం పట్టదు.

నిహారిక ఆమె ముఖంలోకి చూసింది. "ఆంటీ, మరి మీరేం తింటరు?"

"ఆయనకు పెట్టిందే."

"ఆయనకు పెట్టినంతనా?"

"ఇద్దరికి ఒక్క తీరుగనే తూస్త. ఆయన పిడికెడు తినుకుంట కూసుంటే, ముందట నేను కంచం నిండ పెట్టుకుంటే మంచిగుంటదా?"

"మీకు ఆపరేషన్ కాలేదు గద ఆంటీ," అంటూ నిహారిక లేచి ఆమె కంటి కింది రెప్ప లాగి చూడబోయింది. అంతలో నాగేశ్వర్, "ఆమెకేమైంది బిడ్డా, రాయి లెక్క ఉంది. ముందు నా సంగతి చెప్పు," అన్నాడు. బయట ఇంకో పేరు పిలిచారు. నిహారిక చెయ్యి వెనక్కు తీసుకుంది.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. కంది ఊరి దగ్గర కాలేజీ క్యాంపస్ గోడ వచ్చింది. గోడ ఇంకా దాటకముందే నాగేశ్వర్ అన్నాడు.

"పోయిన పున్నానికి పూర్ణాలు చేసినవ్ గద."

"మీకు పెట్టలే గద."

"వాసన కొట్టింది."

"వాసనకు బరువు పెరుగుతదా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆమె ఒడిలోని రిపోర్టు కవరును మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. బస్సు దిగేసరికి కవరు మూల నలిగి చిరిగిపోయింది.

*

కూతురు భవ్యశ్రీ కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. సాయంత్రం కంపెనీ బస్సు దిగి, బ్యాగైనా తీయకుండా రిపోర్టు అడిగింది. నిలబడే చదివింది. చదివాక వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"అమ్మా, నిజం చెప్పు. నేనేమనను. డాడీకి రుచి ఉండాల్నని పోపుల కొంచెం ఎక్కువ ఏస్తున్నవా?"

గరిటె విజయకుమారి చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. మొగుడు అన్నప్పుడు కోపమొచ్చింది. బిడ్డ అడిగితే ఏడుపొచ్చింది.

"నువ్వు గూడనా?" అంది.

"అనుమానం కాదమ్మా. రీడింగ్ తప్పొస్తే మా ల్యాబ్‌ల ఒక్కొక్కటి తీసేసుకుంట పోతం. ముందు నూనె తీసేద్దాం." అంటూ భవ్యశ్రీ నూనె సీసాను చిన్న కాంటా మీద పెట్టింది. సీసాకు పెన్నుతో గీత గీసింది. "రేపటి సంది రోజు పొద్దుమాపు నేనే తూస్త. నీ మంచికే."

దొంగను పోలీసు స్టేషన్లో గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచినట్టుంది విజయకుమారికి. ఆ సీసా వైపు చూడకుండా కూర దింపింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. తుడిచిన వంటగట్టే మళ్ళీ తుడిచింది. గ్యాసు పొయ్యి కింద ఏదో పడిందని వంగి, లేచేసరికి కళ్ళ ముందు నల్లగా తిరిగింది. గోడ పట్టుకుంది. ఇలా తిరగడం ఈ మధ్య అలవాటైపోయింది. వయసనుకుంటుంది, ఎండనుకుంటుంది, ఏదో ఒకటి అనుకుని పనిలో పడుతుంది.

ఆ రెండు రోజులు ఆమె ఒక్కచోట కూర్చోలేదు. కూర్చుంటే నిహారిక మాట, మొగుడి మాట, బిడ్డ మాట ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా ఆ సూది మాట. ఇన్సులిన్. ఆపరేషన్ ముందు ఆయన నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగిపోయేది. మళ్ళీ అందుకునేదాకా ఆమె చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకునేది. ఆ దినాలు మళ్ళీ వస్తాయేమోనని ఆమె భయం. కోపం ఎంతున్నా, ఆ భయం దాని కిందే కదులుతోంది.

మూడోరోజు ఏకాదశి. ఆ ఇంట్లో ఏకాదశి నాడు పొయ్యి వెలగదు. అది నాగేశ్వర్ తాత కాలం నుంచి వస్తున్న పట్టింపు. మందులు మింగేవాళ్ళు ఉపవాసం ఉండొద్దని ఆసుపత్రిలో చెప్పినా, ఆయన వినలేదు. "డాక్టర్ మొన్నొచ్చిండు, ఏకాదశి ఎన్నటి సందో ఉంది," అని రాగి చెంబుతో నీళ్ళు తాగి, నుదుట బొట్టు పెట్టుకుని కొట్టుకు పోయాడు. టిఫిన్ డబ్బా లేదు. తూచడానికి అన్నం లేదు. ఆ రోజు విజయకుమారి చేతులకు పని లేక, ఉతికిన బట్టలనే మళ్ళీ మడతపెట్టింది.

సాయంత్రం దీపం పెట్టాక భవ్యశ్రీ తండ్రి వేలికి సూది గుచ్చి షుగర్ చూసింది. చూసి, మిషను విదిలించి, ఇంకో వేలికి గుచ్చింది.

"డాడీ, ఏం తిన్నవ్?"

"ఏకాదశినాడు ఏం తింట?"

"మరి గింత ఎందుకుంది? మొన్న తిన్నరోజు గూడ గింత లేకుండె."

నాగేశ్వర్ ముఖం పాలిపోయింది. దీపం వైపు చెయ్యి చాపాడు. "ఆ దీపం తోడు బిడ్డా. నీళ్ళు తప్ప నా కడుపుల ఏం పడలే."

ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. ధర దగ్గర మెలికలు పెడతాడేమో గాని, దీపం ముందు కాదు. ఇంట్లో ముగ్గురికీ అది తెలుసు. భవ్యశ్రీ కళ్ళు వంటింటి వైపు పోయాయి. పొయ్యి చల్లగా ఉంది. సీసాలో నూనె పొద్దున తూచి గీసిన గీత దగ్గరే ఉంది. ఆమె తల వంచుకుంది.

విజయకుమారికి ఒక్కసారిగా సంతోషమేసింది. ఇలాంటప్పుడు సంతోషపడటం పాపమని తెలిసినా ఆగలేదు. నా చెయ్యి కాదు, చూసిండ్రా, నా చెయ్యి కాదు అని అరవాలనిపించింది. కానీ మొగుడి వేలి కొసన నిలిచిన రక్తపు చుక్క చూసేసరికి ఆ సంతోషం ఎటో పోయింది. ఆయన కడుపులోకి తిండి ఇంట్లోంచి పోవడం లేదంటే, మరి ఎక్కడి నుంచి పోతోంది?

*

మర్నాడు వంట చేసి, టిఫిన్ డబ్బా తీసుకుని ఆమే కొట్టుకు బయలుదేరింది. రోజూ డబ్బా కోసం హమాలీ ఐలన్న వస్తాడు. ఆమెను గంజ్ మలుపులో చూసి భుజం మీది బస్తా దించేసి ఎదురొచ్చాడు.

"ఏందమ్మా, మీరే వచ్చిండ్రు? ఫోన్ జేస్తే నేనొస్తుంటి గద."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఐలన్నా, నిజం చెప్పు. మీ సేటు మిర్చిబజ్జీల బండి దిక్కు పోతుండా? హోటలుకు?"

ఐలన్న చెవులు పట్టుకున్నాడు. "ఎవరు చెప్పిండ్రమ్మా గా మాట? ఆపరేషన్ అయినకాడి నుంచి సేటు చాయ్ గూడ ముట్టలే. నేను ముందట బజ్జీలు తింటుంటే గూడ అడగడు. మీ డబ్బ తప్ప ఏం తినడు. నిన్నైతే ఏకాదశి, నీళ్ళే."

"నువ్వు చూసినవా?"

"పొద్దుమాపు ఆయన ముందటనే ఉంట గదమ్మా. నేను చూడక ఎవరు చూస్తరు?"

ఆమె కొట్టులోకి వెళ్ళి గోనె సంచుల పక్కన స్టూలు మీద కూర్చుంది. నాగేశ్వర్ ఆశ్చర్యంగా చూసి, మళ్ళీ లెక్కల పుస్తకంలోకి వంగాడు. ఇంట్లో మాటలు తక్కువైపోయిన దినాలవి.

గంజ్‌లో ఆ కొట్టు చిన్నదే. కానీ పటాన్‌చెరు, కాజీపల్లి కంపెనీల క్యాంటీన్లకు కందులు, పల్లీలు, బెల్లం, పుట్నాలు అక్కడి నుంచే పోతాయి. దానికి కారణం నాగేశ్వర్ నోరు. తేమ చూసే మిషను అలమరలో పెట్టెలోనే పడి ఉంది. ఆయన గింజను పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్‌మంటే ఎండిన సరుకు. మెత్తగా నలిగితే ఇంకా నాలుగెండలు కావాలి. బెల్లం నాలుక మీద పెట్టి కళ్ళు మూసుకుంటాడు. ఆ కాసేపూ రైతు ఊపిరి బిగబట్టుకుని నిలబడతాడు. మింగాడంటే సరుకు పట్టింది, ఇక ధర మాట్లాడుకోవచ్చు. పక్కకు తిరిగి ఉమ్మాడంటే ఆ సరుకు ఆ రోజు గంజ్‌లో ఇంకే కొట్టూ ఎక్కదు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు గాని, తెలియనివాళ్ళు లేరు.

విజయకుమారికైతే కొత్తే కాదు. సదాశివపేటలో ఆమె తండ్రిది కూడా ఇదే వ్యాపారం. ఏకాదశి నాడు పాలు కూడా ముట్టని ఆ పెద్దమనిషి, గద్దె మీద కూర్చుని రోజంతా బెల్లం చూసేవాడు, పల్లీలు చూసేవాడు. ఉపవాసం చెడిందని ఇంటి పురోహితుడు కూడా ఏనాడూ అనలేదు. చూడటం వేరు, తినడం వేరు. ఆ సంగతి ఆమెకు పాలతో పాటే ఒంటబట్టింది.

అందుకే పొద్దున్నుంచీ మొగుడి చెయ్యి బస్తాకూ నోటికీ మధ్య తిరుగుతూనే ఉన్నా, ఆమె కళ్ళు మాత్రం వీధిలోని బజ్జీల బండి మీదే ఉన్నాయి. ఆయన లేచినప్పుడల్లా ఆమె మెడ సాగింది. ఆయన కుండ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు. ఒకసారి బెల్లం చూసిన కాసేపటికి నుదుట చెమటలు పట్టాయి. చేతులు సన్నగా వణికాయి. "ఎండలు ముదిరినయ్," అని తువ్వాలతో తుడుచుకుని, పక్క బస్తాలోంచి గుప్పెడు పుట్నాలు తీసి నోట్లో వేసుకున్నాడు. కొంచెం తేరుకున్నాక మళ్ళీ కాంటా వైపు తిరిగాడు. ఆమె అది కూడా చూసింది. ఎండే అనుకుంది.

మధ్యాహ్నం ఆయన డబ్బా విప్పి, ఆమె తూచి పెట్టినదంతా మెల్లగా నమిలి తిన్నాడు. "ఇంకొంచెం పెట్టినా తినలేను," అన్నాడు. ఆ మాటా నిజమే.

ఎండ వాలుతుండగా కంది అవతలి ఊరి మొగులయ్య బెల్లం తెచ్చాడు. ఆయన ఏటా ఈ కొట్టుకే వేస్తాడు. ముద్దలోంచి ఓ ముక్క విరిచి సేటు చేతిలో పెట్టాడు. నాగేశ్వర్ కళ్ళు మూసుకున్నాడు. నాలుక ఆడించాడు. మింగాడు.

"బెల్లం మంచిగనే ఉంది మొగులయ్యా. కానీ ఉప్పు తగుల్తుంది. చెరుకుకు బాయి నీళ్ళు మార్చినవా?"

"ఏ బాయీ మార్చలే సేటు! ఉప్పెక్కడిది?" మొగులయ్య గట్టిగానే అన్నాడు. చుట్టూ చూసి, స్టూలు మీదున్న ఆమె దగ్గరికి ఇంకో ముక్క తెచ్చాడు. "అమ్మా, మీరు గూడ జెర జూసి చెప్పుండ్రి. మీరన్న న్యాయం చెప్పుండ్రి."

ఆమె ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. ఉప్పు సంగతి చూడాలనే అనుకుంది. కానీ బెల్లం కరిగి గొంతు దిగిన కాసేపటికి ఇంకేదో జరిగింది. పొద్దున్నుంచి చెవుల్లో ఉన్న హోరు తగ్గింది. చల్లబడ్డ వేళ్ళలోకి వెచ్చదనం వచ్చింది. కడుపు ఒక్కసారి మేల్కొని, ఇంకొంచెం, ఇంకొంచెం అని అడిగింది. ఇంత ఆకలి తనలో ఎక్కడ దాగి ఉందో ఆమెకు అర్థం కాలేదు.

"ఇది తిండి," అంది పైకే.

"ఏంది?" అన్నాడు మొగులయ్య.

"ఉప్పు కొంచెం ఉంది," అంది. అది నిజమే. కానీ ఆమె కళ్ళు మొగులయ్య మీద లేవు.

నాగేశ్వర్ అప్పటికే పక్క బస్తాలో చెయ్యి పెట్టాడు. రెండు పల్లికాయలు ఒలిచాడు, గింజలు నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, మింగాడు. ఇంకో బస్తా అడుగు నుంచి రెండు తీశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ గల్లాపెట్టె పక్కనే కాలు మీద కాలేసుకుని, పదిమంది ముందు తింటున్నాడు. తింటున్నానని పాపం ఆ దొంగకే తెలియదు.

ఖాళీ టిఫిన్ డబ్బా ఆమె ఒడిలోనే ఉంది. మూత తీసింది. ఆయన చెయ్యి నోటికి పోయినప్పుడల్లా అదే బస్తాలోంచి అంతే తీసి డబ్బాలో వేసింది. బెల్లానికి బెల్లం, పల్లీకి పల్లీ, పుట్నాలకు పుట్నాలు. ఐలన్న బస్తా మోసుకుపోతూ ఆగాడు.

"ఏం జేస్తున్నరమ్మా?"

"సరుకు చూస్తున్న," అంది.

లైట్లు వేసే వేళకు డబ్బా మూత పట్టలేదు.

*

ఆ సాయంత్రం ఆమె మొగుడి ముందు కంచం పెట్టి, అన్నం బదులు డబ్బా బోర్లించింది. పల్లీలు కంచం దాటి నేల మీదికి దొర్లాయి.

"ఏందిది?" అన్నాడు నాగేశ్వర్.

"ఎండ వాలినంక మీరు తిన్నది. అంతకు ముందుది ఏరలే."

ఆయన నవ్వాడు. "నేనెప్పుడు తిన్న? సరుకు చూసిన."

"చూసి ఏం జేసిండ్రు? మింగిండ్రా, లేదా?"

భవ్యశ్రీ ఏమీ అనకుండా కాంటా తెచ్చింది. బెల్లం వేరు చేసి, పల్లీలు వేరు చేసి తూచింది. ఫోన్లో లెక్క చూసుకుంది. "డాడీ, నీకు రోజంతటికి చెప్పినదాంట్ల సగానికి మించి ఇక్కడ్నే ఉంది. అమ్మ పెట్టేది దీనికి పైన." ఫోను పక్కన పెట్టి, "నిన్న ఏకాదశినాడు గూడ ఇదే," అంది.

నవ్వు ఆగిపోయింది. నాగేశ్వర్ కంచాన్ని దూరంగా నెట్టాడు. "అది తిండా? అది పని! మా నాయిన చేసిండు, మా తాత చేసిండు. ఏకాదశినాడు గూడ చేసిండ్రు. అంటే వాళ్ళ ఉపాసాలన్ని ఉత్తయేనా?"

"వాళ్ళ సంగతి నాకు తెల్వదు. వాళ్ళకు ఆపరేషన్ కాలే."

"అయితే ఏం జెయ్యమంటవ్? రైతు ముందట ఉమ్మాల్నా?" ఆయన గొంతు పెద్దదైంది. తర్వాత ఉన్నట్టుండి చిన్నదైంది. "కాంటా ఐలన్న గూడ పెడ్తడు. పైసలు ఫోన్ల పడ్తయి. గంజ్‌ల నన్ను సేటు అంటున్నరంటే గీ నోరుకే. ఇది గూడ బందు జేస్తే నేనేంది ఆడ?"

ఆమె ఖాళీ డబ్బాకు మూత పెట్టింది. ఆసుపత్రి నుంచి ఇప్పటిదాకా ఆమె ఎదురుచూస్తున్న మాట ఆయన నోట రాలేదు. నీ తప్పు కాదు అన్న ఒక్క మాట. ఊరందరి సరుకులో తాలు చెప్పే నోటికి, ఇంట్లో ఆ చిన్న మాట రాలేదు. ఆయన లేచి బాల్కనీలోకి పోయాడు. భవ్యశ్రీ నూనె సీసా మీది గీతను బొటనవేలితో రుద్ది చెరిపేసి, పొయ్యి పక్కన దాని చోట పెట్టింది. తర్వాత తల్లి దగ్గరికి వచ్చి, నేల మీద దొర్లిన పల్లీలు ఏరసాగింది. విజయకుమారి కూడా ఏరింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

*

మర్నాడు ఆమె డబ్బా పట్టుకుని గంజ్ మలుపు తిరిగేసరికి కొట్టు ముందు గొడవ వినిపించింది. నలుగురు రైతులు, ఇద్దరు హమాలీలు గుమిగూడారు. మధ్యలో దేవమ్మ అనే ముసలి రైతు పల్లికాయ బస్తా మూతిని రెండు చేతులా బిగించి పట్టుకుని నిలబడింది.

"నా పల్లీలు ఉమ్మినవ్ సేటు! పదిమంది జూస్తుంటే ఉమ్మినవ్! పుచ్చు చూపియ్యి. ఒక్కటి చూపియ్యి. ఇగ ఈ బస్త గంజ్‌ల ఎవడు కొంటడు? ఎత్తుకొని పటాన్‌చెరు దాక పోవాల్నా నేను?"

నాగేశ్వర్ గద్దె మీద బిగుసుకుపోయి ఉన్నాడు. మూలన కాలువ పక్కన నమిలిన పల్లీ పడి ఉంది. పొద్దున్నుంచి ఆయన మింగకుండా, నోరు కట్టుకునే సరుకు చూసినట్టున్నాడు. అలమరలోని తేమ మిషను దుమ్ము దులిపి బల్ల మీద పెట్టి ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది.

"నీ సరుకుకు ఏం కాలే దేవమ్మా," అన్నాడు మెల్లగా.

"ఏం కాకపోతే ఎందుకు ఉమ్మినవ్?"

  ఉమ్మడమంటే ఇన్నేళ్ళుగా ఆయన చెప్పిన అర్థం ఒక్కటే. ఇప్పుడు వేరే అర్థం చెప్పినా నమ్మేదెవరు? జనం వెనకాల డబ్బాతో నిలబడ్డ భార్య ఆయనకు కనిపించింది. ఆమె తనను ఆదుకోవడానికి వచ్చినట్టు లేదు. దెప్పడానికీ వచ్చినట్టు లేదు. అన్నం తెచ్చినట్టుంది, అంతే.

ఆయన గద్దె దిగాడు. దేవమ్మ బస్తాలోంచి రెండు కాయలు తీసి ఒలిచి, గింజలు అరచేతిలో పెట్టుకుని జనంలోంచి భార్య దాకా నడిచాడు. చెయ్యి చాపాడు.

"నువ్వు చూడు," అన్నాడు.

గుంపులోంచి ఎవరో నవ్వారు. "ఆమెకేం ఎర్క సేటు?"

నాగేశ్వర్ అటు తిరగలేదు. చాపిన చెయ్యి అలాగే ఉంది. "నా నోరు పాడైంది," అన్నాడు, అందరికీ వినిపించేలా. "ఆమె మీద ఊరికే నింద ఏసిన. తప్పు ఆమె చేతిది కాదు, నా నోటిది. ఇగ ఇప్పటి సంది మా కొట్ల సరుకు ఆమె చూస్తది."

నోరు పాడైందని ఒక వ్యాపారి గంజ్ నడిమధ్యన చెప్పుకోవడం ఆ రైతులు ఎన్నడూ వినలేదు. నవ్విన మనిషి దగ్గి ఊరుకున్నాడు. ఐలన్న తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.

 ఇంట్లో తలుపులు వేసుకుని చెప్పినా సరిపోయే మాట అది. ఇక్కడ, ఈయన పేరంతా ఉన్న ఈ చోట చెప్పాడు. విజయకుమారి డబ్బా ఐలన్నకు ఇచ్చి, మొగుడి అరచేతిలోంచి గింజ తీసుకుంది. పంటి కింద పెట్టింది. టక్‌మంది. సదాశివపేటలో తండ్రి పక్కన కూర్చుని విన్న చప్పుడే. నమిలింది. దేవమ్మ ఊపిరి బిగబట్టింది. విజయకుమారి మింగింది.

"మంచిగ ఎండినయ్. గింజ గట్టిగుంది," అంది.

దేవమ్మ పట్టు వదిలింది. ముఖమంతా ముడతలు విప్పారాయి. "గట్ల చెప్పు తల్లీ! నా చెలుకల పంట నాకెర్క లేదా?" అంటూ బస్తా మూతి తెరిచి, "ఐలన్నా, కాంటా పెట్టు ఇగ," అంది.

ఐలన్న బస్తా ఎత్తబోయాడు. విజయకుమారి చెయ్యి అప్పటికే మళ్ళీ బస్తాలో ఉంది. ఈసారి రెండు కాయలు కాదు, గుప్పెడు. అక్కడే నిలబడి ఒలిచి నోట్లో వేసుకుంది. నమిలి మింగి, మళ్ళీ ఒలిచింది.

దేవమ్మ కంగారుపడింది. "మళ్ళెందుకు బిడ్డా? అనుమానమా?"

"అనుమానం కాదు దేవమ్మా," అంది విజయకుమారి. "ఆకలైతుంది."

నాగేశ్వర్ ఆమెను చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఎదురుగా కూర్చుని తిన్న మనిషి మెడ దగ్గర ఎముకలు ఎంత పైకి తేలాయో, గాజులు మోచేతి దాకా ఎలా జారిపోతున్నాయో ఆయన ఇప్పుడే చూస్తున్నట్టుంది.

"పొద్దున తినలేదా నువ్వు?"

"తిన్న," అంది ఆమె, ఇంకో కాయ ఒలుస్తూ. "మీకు పెట్టినంత."

ఐలన్న బస్తా ఎత్తడానికి మళ్ళీ వంగాడు. నాగేశ్వర్ వద్దన్నట్టు అతని భుజం మీద చెయ్యి వేసి, గద్దె మీది సంచులు పక్కకు జరిపి ఆమెకు చోటు చేశాడు.